తొలి స్నో బ్లోయర్ ఎలా ఎంచుకోవాలి: ముందు డ్రైవ్‌వే చివరి గట్టును చూడండి

తొలిసారి స్నో బ్లోయర్, అంటే మంచును తీసి పక్కకు చిమ్మే యంత్రం, కొనబోతున్నవారు సాధారణంగా ఎన్ని అంగుళాల వెడల్పు, ఎంత పెద్ద ఇంజను అన్న ప్రశ్నలతో మొదలుపెడతారు. ఆ రెండింటినీ కాసేపు పక్కన పెట్టి, మీ డ్రైవ్‌వే (ఇంటి నుంచి రోడ్డు దాకా కారు వెళ్లే దారి) రోడ్డును కలిసే చోటికి వెళ్లి చూడండి. మంచు బాగా కురిసిన రాత్రి, రోడ్లు శుభ్రం చేసే లారీ ముందున్న పెద్ద పలకతో మంచును పక్కకు తోసుకుంటూ పోతుంది. అందులో మీ వంతు మీ డ్రైవ్‌వేకు అడ్డంగా గట్టు కడుతుంది. మీ వాకిట్లో కురిసిన మంచుకూ ఈ గట్టుకూ పోలికే లేదు. ఇది బండ్ల చక్రాల కింద నలిగిన మంచు. రోడ్డు మీద చల్లిన ఉప్పుకు సగం కరిగి, మళ్లీ గడ్డకట్టి ఉంటుంది. లోపల మంచుగడ్డలు, అప్పుడప్పుడు రాళ్లు కూడా ఉంటాయి. ఉదయం తీయకుండా వదిలేస్తే సాయంత్రానికి ఇంకా బిగుసుకుపోతుంది.

ఏ యంత్రం కొనాలో ఈ గట్టే తేల్చాలి. గట్టును తీయగలిగిన యంత్రం మిగతా డ్రైవ్‌వేను ఎలాగూ తీస్తుంది. మిగతాదంతా చకచకా తీసి గట్టు దగ్గర చతికిలబడే యంత్రం కొంటే, ఇంట్లో యంత్రం ఉండి కూడా మీరు పార పట్టక తప్పదు. మీ ఇల్లు లారీలు రాని సొంత దారి చివర ఉంటే, గట్టు బెడద లేదు కనుక మీకు చిన్న యంత్రమే సరిపోవచ్చు.

టేపు పట్టుకుని కొలవండి

కొలతలన్నీ మంచు పడకముందే తీసుకోండి. డ్రైవ్‌వే పొడవు, వెడల్పు, గట్టు పడే చోటి వెడల్పు, ఇంటి ముందు నడకదారి, గుమ్మం మెట్ల దాకా ఉన్న సందు, అన్నీ కాగితం మీద రాసుకోండి.

ఒక లెక్క వేసి చూద్దాం. డ్రైవ్‌వే 5 మీటర్ల వెడల్పు, 15 మీటర్ల పొడవు అనుకోండి. మొత్తం 75 చదరపు మీటర్లు. దాని మీద 20 సెంటీమీటర్ల మంచు పడితే 15 ఘనపు మీటర్లు. అప్పుడే కురిసిన పొడి మంచు ఘనపు మీటరుకు దాదాపు 100 కిలోలు ఉంటుంది, అంటే మొత్తం ఒకటిన్నర టన్ను. అదే తడి మంచయితే 300 కిలోలకు చేరవచ్చు. అప్పుడు నాలుగున్నర టన్నులు. ఇప్పుడు గట్టు సంగతి చూడండి. అర మీటరు ఎత్తు, మీటరు మందం, 5 మీటర్ల పొడవు, అంటే రెండున్నర ఘనపు మీటర్లు. నలిగి గట్టిపడిన మంచు ఘనపు మీటరుకు 400 కిలోలు దాటుతుంది కాబట్టి ఆ గట్టు ఒక్కటే టన్ను బరువు. డ్రైవ్‌వేలో పదిహేనో వంతు స్థలంలో, మిగతా అంతటా పడిన పొడి మంచులో మూడింట రెండు వంతుల బరువు పేరుకుని ఉందన్నమాట.

తర్వాత నేల ఎలాంటిదో చూసుకోండి. కాంక్రీటు, తారు అయితే ఏ రకం యంత్రమైనా నడుస్తుంది. కంకర పరిచిన డ్రైవ్‌వే అయితే మీ ముందున్న ఎంపికలు సగానికి తగ్గుతాయి. ఎందుకో కింద చెబుతాను. రాతి పలకలు పరిచిన నేలయితే గీతలు పడకుండా చూసుకోవాలి.

వాలు ఉందా? మంచు ఎటు చిమ్మాలి? ఈ రెండో ప్రశ్నను చాలామంది యంత్రం ఇంటికి వచ్చాక గానీ వేసుకోరు. ఒక పక్క గోడ, రెండో పక్క పొరుగువారి కారు ఉంటే మంచునంతా డ్రైవ్‌వే పొడవునా ముందుకు తోసుకుంటూ పోవలసి వస్తుంది, లేదా ఒకే పక్కకు దూరంగా చిమ్మగల యంత్రం కావాలి. మంచును తిరిగి రోడ్డు మీదికి చిమ్మడం చాలా చోట్ల నిబంధనలకు విరుద్ధం. ఎక్కడ చిమ్మితే ఎవరికీ ఇబ్బంది ఉండదో ముందే చూసి పెట్టుకోండి. అగ్నిమాపక నీటి గొట్టం దగ్గర, కిటికీల వైపు, పొరుగువారి ద్వారం ముందు వద్దు.

చివరగా, యంత్రం ఎక్కడ పెడతారు? మధ్యరకం రెండు దశల యంత్రం (దశల సంగతి కిందే చెబుతాను) హ్యాండిల్‌తో కలిపి దాదాపు ఐదడుగుల పొడవు ఉంటుంది. కారు ఉన్న గ్యారేజీలో కారును కదపకుండా దాన్ని బయటికి తీయగలరో లేదో నేల మీద సుద్దతో గీసి చూడండి.

ఒక దశా, రెండు దశలా?

స్నో బ్లోయర్లలో అసలు తేడా ఇక్కడే ఉంది. తర్వాత వచ్చే నిర్ణయాలన్నీ దీని వెనకే నడుస్తాయి.

ఒక దశ యంత్రంలో ముందు భాగాన అడ్డంగా తిరిగే రెక్క ఒకటే ఉంటుంది. దాన్ని ఆగర్ అంటారు. దాని అంచులకు రబ్బరు పట్టీలు ఉంటాయి. అవి నేలను రాసుకుంటూ తిరిగి మంచును తీస్తాయి, అదే ఊపులో పైనున్న గొట్టం గుండా బయటికి విసిరేస్తాయి. తీయడం, విసరడం రెండూ ఒకే కదలికలో జరుగుతాయి కాబట్టి ఒక దశ. రబ్బరు నేలకు తగులుతుంది కనుక కాంక్రీటు మీద దాదాపు నేల కనిపించేంత శుభ్రంగా తీస్తుంది. బరువు తక్కువ, పెట్రోలువి కూడా చాలావరకు 50 కిలోల లోపే. చక్రాలకు సొంత చలనం సాధారణంగా ఉండదు. రబ్బరు నేలను లాగే ఊపుకు యంత్రం కొద్దిగా ముందుకు కదులుతుంది, మిగతాది మీరు తోయాలి. 20 సెంటీమీటర్ల లోపు మంచుకు ఇది చాలా హాయి. కానీ రబ్బరు కంకరను తాకిందంటే రాళ్లు కూడా మంచుతో పాటే గొట్టంలోంచి ఎగిరి వస్తాయి. కాబట్టి కంకర డ్రైవ్‌వేకు ఒక దశ యంత్రం కొనకండి. ఇందులో నాకు రెండో మాట లేదు.

రెండు దశల యంత్రంలో ముందు ఇనుప ఆగర్ మంచును విరగ్గొట్టి మధ్యకు లాగుతుంది. వెనక వేగంగా తిరిగే ఫ్యాన్ లాంటి ఇంపెల్లర్ దాన్ని అందుకుని గొట్టం గుండా చిమ్ముతుంది. ఆగర్ నెమ్మదిగా బలంగా, ఇంపెల్లర్ వేగంగా తిరగడానికి మధ్యలో గేర్‌బాక్స్ ఉంటుంది. అందుకే ఇది గడ్డకట్టిన గట్టును కూడా కొరకగలదు. చక్రాలను ఇంజనే తిప్పుతుంది, ముందుకు పలు వేగాలు, వెనక్కి కూడా గేర్లు ఉంటాయి. ముందు భాగం అటూ ఇటూ ఉన్న రెండు స్కిడ్ షూలు దాన్ని నేల నుంచి కొంచెం పైకి ఎత్తి ఉంచుతాయి. వాటి ఎత్తు మార్చుకోవచ్చు. చదునైన కాంక్రీటు మీద నేలకూ గీకే ఇనుప పట్టీకీ మధ్య 3 మిల్లీమీటర్ల సందు చాలు. కంకర మీద 3 సెంటీమీటర్ల దాకా ఎత్తండి, అడుగున పలచటి మంచు పొర మిగులుతుంది, రాళ్లు మాత్రం నేల మీదే ఉంటాయి. రాతి పలకల మీద ఇనుప షూల బదులు ప్లాస్టిక్‌వి వేయించుకోండి.

దీనికి చెల్లించే మూల్యం బరువు, స్థలం. మధ్యరకం యంత్రం 100 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. మెట్ల మీదికి మోయలేరు, చెక్క వసారా మీదికి ఎక్కించలేరు.

మూడు దశలవీ దొరుకుతాయి. వాటిలో ఆగర్ మధ్యన, వేగంగా తిరిగే మరో చిన్న మరచుట్టు ఉండి గడ్డలను నలగ్గొట్టి ఇంపెల్లర్‌కు తోస్తుంది. గట్టులు పెద్దవి పడే చోట పని వేగంగా సాగుతుంది. తొలి యంత్రానికి ఇది తప్పనిసరి కాదు. మంచి రెండు దశల యంత్రం, నాసిరకం మూడు దశల యంత్రం పక్కపక్కన ఉంటే మొదటిదే తీసుకోండి.

మంచును పోగుచేసే భాగం, చిమ్మే భాగం రెండూ కలిపి కెనడాలోని క్యుబెక్‌లో ఆర్థర్ సికార్డ్ 1925లో తన స్నో బ్లోయర్ తయారు చేశాడు. అది లారీ మీద బిగించిన యంత్రం. రోడ్ల కోసం పుట్టిన వస్తువు ఇళ్ల ముందుకు చేరడానికి మరో పాతికేళ్లు పైనే పట్టింది. మీ ఇంటి ముందు గట్టు కట్టే లారీకీ మీ స్నో బ్లోయర్‌కూ అలా దూరపు చుట్టరికం ఉంది.

తేల్చుకోవడం ఇలా. రెండు కార్లు పట్టే చిన్న కాంక్రీటు డ్రైవ్‌వే, మోకాలి ఎత్తు గట్టు పడని వీధి అయితే ఒక దశ. కంకర నేల, లేదా ఏడాదిలో పలుసార్లు 30 సెంటీమీటర్లు దాటే మంచు, లేదా మోకాలి దాకా వచ్చే గట్టు, ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా రెండు దశలు.

పెట్రోలా, బ్యాటరీయా, వైరా?

వైరుతో నడిచేవి తేలిక, చవక, నిర్వహణ దాదాపు సున్నా. నడకదారికి, చిన్న వసారాకు బాగుంటాయి. బయట వాడకానికి తయారైన, మందపాటి తీగ ఉన్న ఎక్స్‌టెన్షన్ వైరే వాడాలి. పలచటి పొడవాటి వైరులో వోల్టేజీ పడిపోయి మోటారు వేడెక్కుతుంది. ప్లగ్గు పెట్టే చోట, కరెంటు నేలకు లీకయితే తక్షణం ఆపేసే రక్షణ స్విచ్ ఉండాలి. వైరు ఎప్పుడూ మీ వెనకే, ఇప్పటికే శుభ్రం చేసిన వైపే ఉండాలి. ఈ ఒక్క నియమం పెద్ద డ్రైవ్‌వేలో విసుగు పుట్టిస్తుంది. గట్టు సంగతి వీటితో ఎత్తకండి.

బ్యాటరీ యంత్రాల మీద ఒకప్పుడున్న చిన్నచూపు ఇప్పుడు అక్కర్లేదు. ఒక దశవి మాత్రమే కాదు, రెండు దశలవీ వచ్చాయి. పొగ లేదు, తాడు లాగే పని లేదు, తెల్లవారుజామున ఇరుగుపొరుగును నిద్రలేపేంత మోత లేదు. అయితే పెట్టె మీద రాసిన నిమిషాలను నమ్మకుండా మీరే లెక్క కట్టండి. వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణిస్తే బ్యాటరీలో ఉన్న శక్తి వాట్-అవర్లలో వస్తుంది. 56 వోల్టులు, 5 ఆంపియర్-అవర్ల బ్యాటరీ అంటే 280. రెండు బ్యాటరీలు పెడితే 560. తడి మంచులో మోటారు సగటున 1500 వాట్లు లాగుతోందనుకుంటే 22 నిమిషాలు వస్తాయి. చలిలో లిథియం బ్యాటరీ తన పూర్తి శక్తిని ఇవ్వదు కాబట్టి అందులోనూ కొంత కోత పడుతుంది. మీ డ్రైవ్‌వే 20 నిమిషాల్లో అయ్యేదైతే బ్యాటరీ యంత్రం చక్కటి ఎంపిక. గంట పట్టేదైతే, గట్టు దగ్గరికి చేరేసరికి బ్యాటరీ అయిపోయే ప్రమాదం ఉంది. అలాంటప్పుడు పని గట్టుతోనే మొదలుపెట్టండి.

బ్యాటరీలను యంత్రంతో పాటు చలి గ్యారేజీలో వదలకండి. ఇంట్లో పెట్టి, పనికి వెళ్లేటప్పుడే తగిలించుకోండి. సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్న లిథియం బ్యాటరీని చార్జింగ్ పెడితే లోపల లోహపు పూత ఏర్పడి అది శాశ్వతంగా దెబ్బతింటుంది. పని అయ్యాక లోపలికి తెచ్చి, గది వేడికి వచ్చాకే చార్జర్‌లో పెట్టాలి.

పెద్ద గట్టుకు, పొడవాటి డ్రైవ్‌వేకు పెట్రోలే ఇప్పటికీ ముందుంది. డబ్బా ఖాళీ అయితే మళ్లీ నింపుకుని సాగిపోవచ్చు. ఇప్పుడు వచ్చేవన్నీ దాదాపు ఫోర్ స్ట్రోక్ ఇంజన్లే, పెట్రోలులో ఆయిల్ కలిపే పని లేదు. ఎలక్ట్రిక్ స్టార్ట్ ఉన్నది తీసుకోండి. అయితే చాలా యంత్రాల్లో ఎలక్ట్రిక్ స్టార్ట్ అంటే గోడ ప్లగ్గుకు వైరు తగిలించి మీట నొక్కడమే. కారులో లాగా లోపల బ్యాటరీ ఉండదు. కాబట్టి యంత్రం పెట్టే చోట ప్లగ్గు ఉండాలి.

పెట్రోలు యంత్రానికి అసలు శత్రువు మంచు కాదు, నిలవ పెట్రోలు. నెల దాటిన పెట్రోలు పాడవడం మొదలై కార్బ్యురేటర్ సన్నటి రంధ్రాల్లో జిగురు పేరుకుంటుంది. తర్వాత ఎంత లాగినా ఇంజను అందుకోదు. ఇథనాల్ 10 శాతం మించిన పెట్రోలు పోయకూడదని చాలా ఇంజన్ల మాన్యువళ్లు చెబుతాయి. డబ్బా నింపిన రోజే, పెట్రోలు త్వరగా పాడవకుండా చూసే ఫ్యూయల్ స్టెబిలైజర్ కలపండి. ఈ మాత్రం శ్రద్ధ పెట్టే అలవాటు మీకు లేదనిపిస్తే, నిజాయతీగా ఒప్పుకుని బ్యాటరీ వైపు వెళ్లండి. పాడైన పెద్ద యంత్రం కంటే పనిచేసే చిన్న యంత్రం మేలు.

అంకెలను ఎలా చదవాలి

వెడల్పు మీద అందరికీ మోజు ఎక్కువ. లెక్క వేస్తే అది అంత గొప్ప విషయం కాదని తేలుతుంది. 5 మీటర్ల డ్రైవ్‌వే అంటే దాదాపు 197 అంగుళాలు. ఒక వరుసకూ మరో వరుసకూ మధ్య మూడు నాలుగు అంగుళాలు కలిసేలా నడుపుతాం కాబట్టి 24 అంగుళాల యంత్రం ఉపయోగపడేది 20 అంగుళాలకే: పది వరుసలు. 28 అంగుళాల యంత్రంతో ఎనిమిది. తేడా రెండు వరుసలు. ఆ రెండు వరుసల కోసం యంత్రం బరువెక్కుతుంది, నడకదారిలో పట్టదు, గ్యారేజీలో చోటు తింటుంది. పైగా అదే ఇంజనుతో వెడల్పు పెంచితే ప్రతి అంగుళానికి అందే బలం తగ్గుతుంది, గట్టు దగ్గర ఇంజను మూలుగుతుంది. సామాన్యమైన ఇంటికి 24 అంగుళాలు, దానికి దీటైన ఇంజను ఉత్తమం. డ్రైవ్‌వేలో మూడు కార్లు పక్కపక్కన నిలిచేంత వెడల్పు ఉంటేనే 28 ఆలోచించండి.

ఇంజను పరిమాణం సీసీల్లో రాసి ఉంటుంది. 24 అంగుళాల రెండు దశల యంత్రానికి 200 సీసీ పైన ఉండాలి. గట్టు పెద్దదైతే 250 దగ్గర ఉన్నది చూడండి. 28కి 250 నుంచి 300. దీనికంటే తక్కువ ఇంజను పెట్టి ఎక్కువ వెడల్పు చూపించే యంత్రాలు దుకాణంలో ఆకర్షణీయంగానే ఉంటాయి.

ముందు భాగం ఎత్తు కూడా చూడండి. రెండు దశల వాటిలో 20 అంగుళాలు, ఆపైన ఉంటుంది. మంచు దానికంటే ఎత్తుంటే పైభాగం యంత్రం మీదికి కూలిపోతుంది. ఇంపెల్లర్ వ్యాసం 12 అంగుళాలా, 14 అంగుళాలా అన్నది తడి మంచును చిమ్మే దూరాన్ని ప్రభావితం చేస్తుంది. చిమ్మే దూరం అంటూ పెట్టె మీద వేసే అంకె పొడి మంచుకు, గాలి లేని రోజుకు వర్తించేది. దాన్ని చూసి మురిసిపోకండి.

దుకాణంలో: చేతి తొడుగులు వేసుకునే వెళ్లండి

చలికాలంలో మీరు వేసుకునే మందపాటి తొడుగులనే వేసుకుని యంత్రం వెనక నిలబడండి. అవి వేసుకునే గేరు మార్చండి, గొట్టం దిశ తిప్పండి, రెండు మీటలూ (ఒకటి చక్రాలను, రెండోది ఆగర్‌ను నడిపేది) పట్టుకోండి. ఒట్టి చేతులతో సులువుగా తిరిగిన చిన్న పిడి తొడుగులతో జారిపోవచ్చు. హ్యాండిల్ మీ నడుము ఎత్తుకు ఉందా? పొట్టిగా ఉంటే గంటసేపు వంగి నడవాలి.

గొట్టాన్ని పక్కలకు తిప్పడం ఒకటి, దాని మూతిని పైకి కిందికి వంచడం ఇంకొకటి. ఈ రెండూ నిలబడిన చోటి నుంచే చేయగలగాలి. గాలి దిశ మారినప్పుడల్లా యంత్రం ఆపి ముందుకు వెళ్లి మూతి వంచాల్సిన రకం కొంటే మొదటి తుపానులోనే విసుగెత్తుతుంది. కొన్ని యంత్రాల్లో ఒక మీటను నొక్కి పడితే రెండోది కూడా పట్టే ఉంటుంది, ఒక చేయి గొట్టం తిప్పడానికి ఖాళీ అవుతుంది. ఈ సదుపాయం ఉండేలా చూడండి.

ఇంకో విషయానికి నేను అన్నిటికంటే ఎక్కువ మార్కులు వేస్తాను: మలుపు తిప్పే సదుపాయం. పది వరుసలంటే తొమ్మిది మలుపులు. 100 కిలోల యంత్రాన్ని, రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగిసి ఉన్నప్పుడు, మంచు మీద తొమ్మిదిసార్లు ఈడ్చి తిప్పితే భుజాలు పడిపోతాయి. హ్యాండిల్ కింద ఉన్న ట్రిగ్గర్ నొక్కితే ఆ వైపు చక్రం వదులై యంత్రం దానంతటదే తిరిగే ఏర్పాటు కొన్నిటిలో ఉంటుంది. ఇంకొన్నిటిలో ట్రిగ్గర్ కూడా లేకుండా యంత్రమే సర్దుకుంటుంది. వేడి హ్యాండిళ్లు, హెడ్‌లైటు వంటివన్నీ దీని తర్వాతే. అయితే తెల్లవారకముందే పనికి వెళ్లేవారు హెడ్‌లైటును వదులుకోవద్దు.

చక్రాల బదులు గొలుసు పట్టాలు ఉన్నవి వాలుగా ఉన్న డ్రైవ్‌వే మీద గట్టిగా పట్టు నిలుపుకుంటాయి. సమతల నేలకు వాటి అవసరం లేదు. ఇంజను ఆగి ఉన్నప్పుడు వాటిని చేత్తో జరపడం కూడా కష్టం.

కొనేముందు ఒక ప్రశ్న తప్పక అడగండి: బెల్టు, షియర్ పిన్నులు (ఏదైనా ఇరుక్కుంటే ముందుగా విరిగి గేర్‌బాక్స్‌ను కాపాడేవి), గీకే పట్టీ ఇక్కడ దొరుకుతాయా, మరమ్మతు మీరే చేస్తారా? మంచు కురిసిన మర్నాడు ఈ ప్రశ్నకు సమాధానం విలువ తెలుస్తుంది.

పాతది కొంటే

రెండు దశల యంత్రాలు శ్రద్ధగా చూసుకుంటే పాతికేళ్లు కూడా నడుస్తాయి, కాబట్టి పాతది కొనడం తెలివితక్కువతనం కాదు. వెళ్లే ముందు అమ్మేవారికి ఇంజను స్టార్ట్ చేయవద్దని చెప్పండి. వెళ్లగానే చేతి తొడుగు తీసి ఇంజను మీద చేయి పెట్టండి. వెచ్చగా ఉంటే ముందే నడిపి ఉంచారన్నమాట. చల్లటి ఇంజను ఎలా అందుకుంటుందో మీకు తెలిసే అవకాశం పోయినట్లే. నీలి పొగ వస్తే ఆయిల్ కాలుతోందని అర్థం.

తర్వాత చేయవలసిన పరీక్ష చాలామందికి తెలియదు. ఆగర్ రెండు సగాలుగా ఉంటుంది. ప్రతి సగాన్నీ లోపలి కడ్డీకి బిగించేవి షియర్ పిన్నులు. రాయో గట్టి మంచుగడ్డో ఇరుక్కుంటే ముందు ఈ పిన్ను విరిగి గేర్‌బాక్స్‌ను కాపాడుతుంది. ఇంజను ఆపి, తాళం చెవి బయటికి తీసి, స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీయమనండి. రెండు పిన్నులూ తీసి, ఆగర్‌ను చేత్తో తిప్పండి. కడ్డీ కదలకుండా ఆగర్ మాత్రం స్వేచ్ఛగా తిరగాలి. తిరగకపోతే అది తుప్పుతో కడ్డీకి అతుక్కుపోయింది. అంటే పిన్ను ఉన్నా లేనట్లే, ఈసారి రాయి తగిలితే విరిగేది గేర్‌బాక్సే. అలాంటి యంత్రం ఎంత తక్కువకు వచ్చినా వదిలేయండి. పిన్నుల స్థానంలో మామూలు గట్టి బోల్టులు బిగించి కనిపిస్తే కూడా అదే జాగ్రత్త.

గేర్‌బాక్స్ కింద నూనె మరకలు, ముందు భాగం అడుగున తుప్పు తిన్న చిల్లులు, అరిగి పలచబడ్డ గీకే పట్టీ చూడండి. అన్ని గేర్లలో, వెనక్కి కూడా నడిపించమనండి.

ఇంటికి వచ్చాక

మంచు పడే వరకు ఆగకండి. కొత్త ఇంజన్లు కొన్ని ఆయిల్ లేకుండానే వస్తాయి; చూసుకుని, లేకపోతే మాన్యువల్ చెప్పిన ఆయిల్, సాధారణంగా 5డబ్ల్యూ-30, పోసి, పొడి నేల మీద ఆరుబయట ఒకసారి నడిపి చూడండి. ఒక దశ యంత్రమైతే పొడి నేల మీద రబ్బరు అరుగుతుంది కనుక కొన్ని క్షణాలు చాలు. గ్యారేజీలో, తలుపు తెరిచి ఉన్నా సరే, ఇంజను నడపవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, ప్రాణం తీయగలదు. డ్రైవ్‌వే అంచుల్లో పొడవాటి గుర్తు కర్రలు పాతండి, కింద పడి ఉన్న వైర్లు, బొమ్మలు, వార్తాపత్రికలు ఏరేయండి. మంచు కింద దాక్కున్న నీళ్ల పైపు ఆగర్‌కు చుట్టుకుంటే ఉదయమంతా దాన్ని కోయడంతోనే సరిపోతుంది.

ఇప్పుడు చెప్పేది మాత్రం మళ్లీ మళ్లీ చదవండి. తడి మంచు రోజున గొట్టం తప్పక పూడుకుపోతుంది. వేలితో ఒక్కసారి కెలికితే పోతుందనిపిస్తుంది. ఆ పని ఎప్పుడూ చేయకండి, ఇంజను ఆగి ఉన్నా సరే. ఇరుక్కున్న ఇంపెల్లర్‌లో, దాని బెల్టులో బిగువు నిలిచి ఉండవచ్చు. అడ్డు తొలగిన క్షణంలో రెక్క ఒక్కసారిగా కదులుతుంది. వేళ్లు పోవడానికి ఆ ఒక్క కదలిక చాలు. ముందు మీటలు వదలండి. ఇంజను ఆపి తాళం చెవి బయటికి తీయండి, బ్యాటరీదైతే బ్యాటరీ ఊడదీయండి, వైరుదైతే ప్లగ్గు పీకేయండి. తిరిగేవన్నీ నిలిచేదాకా ఆగండి. ఆ తర్వాత, యంత్రానికే తగిలించి వచ్చే ప్లాస్టిక్ కర్రతో, లేకుంటే గట్టి చీపురు కర్రతో పొడిచి తీయండి. పిల్లలు బయట ఉంటే యంత్రం నడపవద్దు. గొట్టం మూతి మనుషుల వైపు ఒక్క క్షణం కూడా తిరగకూడదు.

పూడుకుపోవడం తగ్గించే చిట్కాలు రెండున్నాయి. గొట్టం లోపల, ఆగర్ మీద సిలికాన్ స్ప్రే కొట్టండి. వెచ్చటి గ్యారేజీలోంచి తీసిన యంత్రాన్ని పనికి ముందు కాసేపు బయట చల్లారనివ్వండి. వెచ్చటి ఇనుము మీద మంచు కరిగి అతుక్కుంటుంది, చల్లటి ఇనుము మీద జారిపోతుంది.

డ్రైవ్‌వే మధ్య నుంచి మొదలుపెట్టి రెండు పక్కలకూ చిమ్ముతూ వెడల్పు చేసుకుంటూ వెళ్లండి. ఒక పక్కకే చిమ్మే వీలుంటే రెండో అంచు నుంచి మొదలుపెట్టండి. ఇంజను పూర్తి వేగంలో, చక్రాలు తక్కువ వేగంలో ఉండాలి. మంచు బరువెక్కితే చక్రాల వేగమే తగ్గించండి, ఇంజనుది కాదు. రాత్రంతా కురిసేలా ఉంటే ఒకేసారి 40 సెంటీమీటర్లు తీయడం కంటే మధ్యలో ఒకసారి, ఆగాక ఒకసారి తీయడం యంత్రానికీ మీకూ సులువు. గట్టు దగ్గర పూర్తి వెడల్పుతో దూసుకుపోకండి. సగం వెడల్పు మాత్రమే లోపలికి వెళ్లేలా, అతి తక్కువ గేరులో, కొంచెం కొంచెంగా కొరకనివ్వండి. మీ వీపు రోడ్డు వైపు ఉన్నప్పుడు వచ్చే బండ్ల మోత యంత్రం హోరులో వినబడదు, కాబట్టి తరచూ వెనుదిరిగి చూసుకోండి. పెట్రోలు యంత్రమైతే చెవులకు రక్షణ కూడా పెట్టుకోండి.

పని ముగిశాక ఇంజను వెంటనే ఆపేయకుండా రెండు నిమిషాలు ఆగర్‌ను ఖాళీగా తిప్పండి, లోపలి మంచు బయటికి పోతుంది. లేకపోతే మర్నాటికి ఆగర్ మంచుగడ్డలో బిగుసుకుని కదలదు. చలికాలం అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, కార్బ్యురేటర్‌లో మిగిలింది కాలిపోయేదాకా ఇంజను నడిపి ఆపండి, ఆయిల్ మార్చండి. యంత్రం కొన్న రోజే నాలుగైదు షియర్ పిన్నులు, ఒక స్పార్క్ ప్లగ్, ఒక బెల్టు కూడా కొనండి. పిన్నులను, వాటికి సరిపడే రెంచీని చిన్న సంచిలో వేసి హ్యాండిల్‌కు కట్టేయండి. పిన్ను విరిగేది ఎప్పుడూ గట్టు మధ్యలోనే.